శాస్త్రగణన యంత్రములకు తగిన ఏలుబడి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



పద్దులు వ్రాసికొనువాడు తీరికవేళ భారతము చదువుకొనవచ్చును గాని, కంప్యూటరు లోపలి ఏలుబడిని గూర్చి ఉపన్యసించుట యేమని ముందు వరుసలోని మిత్రులు కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. ఆ నవ్వునకు నేను నొచ్చుకొనను. అయితే ఈ విషయము నేను కోరి తెచ్చుకొన్నది కాదు. ఈ ఊర పుట్టి దేశాంతరముల స్థిరపడిన మన బిడ్డలు రజతోత్సవ కానుకగా నాలుగు వర్క్‌స్టేషనులకు ధనము పంపినారు. భౌతిక రసాయన గణిత శాస్త్రములలో పై చదువులు చదువుచున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తమ పరిశోధన లెక్కలను ఇచటనే చేసికొనవలెనని వారి కోరిక. యంత్రములను గూర్చి తగవు లేదు. వానిని ఏ ఆపరేటింగ్ సిస్టము ఏలవలెనన్న చోటనే కార్యవర్గము రెండు పక్షములుగా చీలినది. మూడు సమావేశములు గడచినవి. తుదకు, మీరు లెక్కలవారు, ఏ పక్షమునకును చెందినవారు కారు, చదివి చెప్పవలయునని నన్ను నియోగించినారు. నాలుగు నెలలు చదివితిని. చదివినదానిలో నాకు బోధపడిన మేరకు విన్నవించెదను.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమనగా నేమో చెప్పవలెను. కంప్యూటరునందు గణించు అంగము ఒకటి, లెక్క సాగుచున్నంతసేపు అంకెలను నిలుపుకొను మెమొరీ యొకటి, శాశ్వతముగా దాచు డిస్కు ఒకటి, తెరయు మీటల పలకయు వేరు. ఒకే కాలమున పది ప్రోగ్రాములు ఈ అంగములను కోరును. ఎవరికి ఎంత కాలము, ఎవరికి ఎంత మెమొరీ, ఒకరి పొలములో మరియొకరు దుక్కి దున్నకుండ గట్లు వేయుట యెట్లు అను విషయములను తీర్చు మూలాధికారికి కెర్నెల్ అని పేరు. ఆ అధికారియు, అతనిచుట్టు చేరిన పరివారమును కలిసి ఆపరేటింగ్ సిస్టము. వ్యాపారస్థుని యంత్రమునకును శాస్త్రజ్ఞుని యంత్రమునకును ఈ యేర్పాటు ఒక్కటియే. కాని శాస్త్రజ్ఞుని లెక్క మూడు దినములు, ఒక్కొక్కప్పుడు మూడు వారములు నడచును. నడుమ తెగినచో మొదటికి వచ్చును. తప్పు అంకె వచ్చినచో దానిపై మరి నలుగురు తమ లెక్కలను కట్టుదురు.

వర్క్‌స్టేషను అను మాట పుట్టిన కాలమును కొంచెము స్మరింతము. 1970 ప్రాంతములందు శాస్త్రజ్ఞులు ఒక పెద్ద యంత్రమును పంచుకొనెడివారు. రాత్రి రెండు గంటలకు తన వంతు వచ్చునని కాచుకొని కూర్చుండెడివారు. 1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి వాక్స్-11/780 వచ్చినది. దానిని ఏలినది వి.ఎమ్.ఎస్. అను వ్యవస్థ. ప్రయోగశాలలలో అది చిరకాలము రాజ్యము చేసినది. పిమ్మట ఒక్కొక్క శాస్త్రజ్ఞుని బల్లపై ఒక్కొక్క యంత్రముండవలెనను ఆశ పుట్టినది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు అట్టి యంత్రమునకు మూడు లక్షణములు చెప్పిరి: పది లక్షల బైట్ల మెమొరీ, పది లక్షల చుక్కల తెర, క్షణమునకు పది లక్షల ఆజ్ఞలను నెరవేర్చు వేగము. వెల కూడ పది లక్షల పెన్నీలు, అనగా పదివేల డాలర్లు మించరాదని చమత్కారముగా చేర్చిరి. 1981లో అపోలో సంస్థయు, 1982లో స్థాపితమైన సన్ సంస్థయు ఆ మార్గమున యంత్రములను చేసి అమ్మినవి.

ఇచట ఒక చిక్కును చెప్పక దాటరాదు, ఏలయనగా అది నా వృత్తికి చెందినది. ఆ కాలమున ఒక్కొక్క సంస్థ యంత్రము దశాంశ సంఖ్యలను ఒక్కొక్క తీరున వ్రాసికొనెడిది. ఐ.బి.ఎమ్. వారి పెద్ద యంత్రములు పదునారు మూలముగా గణించినవి. వాక్సునందు 64 బిట్ల సంఖ్యకే రెండు వేర్వేరు రూపములుండెడివి. ఒక ఊరిలో వీసెయు మరియొక ఊరిలో కిలోయు నడచినచో బజారెట్లుండునో అట్లుండెను. విలియం కహాన్ అను గణితశాస్త్రజ్ఞుడు ముందుండి కూర్పించిన ఐ.ఇ.ఇ.ఇ. 754 అను ప్రమాణము 1985లో వెలువడిన తరువాత గాని తూకపురాళ్ళు ఏకరీతికి రాలేదు. కహానునకు 1989లో ట్యూరింగ్ పురస్కారము లభించినది. ఆ ఒక్క పనికే అంతటి గౌరవము తగునని నా యభిప్రాయము.

ఇక యూనిక్సు మాట. 1969లో బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు దానిని చిన్న యంత్రముపై ఆరంభించిరి. 1973లో దానిని సి అను భాషలో తిరుగ వ్రాసిరి. అంతకుముందు ఆపరేటింగ్ సిస్టములు దాదాపుగా అన్నియు ఆయా యంత్రముల సొంత సంకేతములలో వ్రాయబడి, ఆ యంత్రముతోనే పుట్టి దానితోనే గిట్టెడివి. సి భాషలో వ్రాయుటచే యూనిక్సు పరకాయప్రవేశ విద్య నేర్చినది. ఒక యంత్రము మూలబడినను మరియొకదానిలో చేరగలదు. పైగా విశ్వవిద్యాలయములకు దాని మూలగ్రంథము స్వల్ప వ్యయముతో లభించినది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీవారు దానికి ఎన్నో అధ్యాయములు చేర్చిరి. సన్ సంస్థ తన యంత్రములకు ఆ బర్క్‌లీ పాఠమునే గ్రహించినది.

ఇప్పుడు మన కార్యవర్గమునందలి తగవు యొక్క మూలమునకు వచ్చుచున్నాను. కెర్నెలును కట్టుటకు రెండు మార్గములు కలవు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణము చదివినవారికి కోష్ఠాగారాధ్యక్షుడు, శుల్కాధ్యక్షుడు, నావధ్యక్షుడు మున్నగు అధికారులు తెలియుదురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కచేరి, ఒక్కొక్క హద్దు. నావధ్యక్షుడు పొరపాటు చేసినను కోష్ఠాగారమునకు నిప్పంటుకొనదు. కాని ఒకరినుండి మరియొకరికి పని పోవలెనన్నచో జాబు వ్రాయవలెను, బంటు పోవలెను, రావలెను. మైక్రోకెర్నెల్ అను మార్గమిట్టిది. నడుమనుండు మూలాధికారి కేవలము జాబులను చేరవేయుట, కాలమును పంచుట అను స్వల్ప కృత్యములకు పరిమితుడు. డిస్కును చూచువాడు, నెట్‌వర్కును చూచువాడు వెలుపలి కచేరీలలో నుందురు.

రెండవ మార్గమున అధికారులందరును ఒకే హాలులో ఒకే బల్లచుట్టు కూర్చుందురు. పిలిచినచో పలుకుదురు. పని వేగముగా జరుగును. కాని ఒకనికి మతి తప్పి సిరాబుడ్డి దొర్లించినచో అందరి పుస్తకములును తడియును. దీనికి మోనోలిథిక్ కెర్నెల్ అని పేరు. పాత యూనిక్సు ఇట్టిదే, లినక్సు ఇట్టిదే.

పండితులు మొదటి మార్గమునే మెచ్చిరి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1980 దశకము నడుమ మాక్ అను కెర్నెల్ ఆరంభమై, ముందుకాలమంతయు దానిదే యన్నంతటి ప్రతిష్ఠ గడించినది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు, తన ఇంటి యంత్రముకొరకు లినక్సు వ్రాసి లోకమునకు పంచెను. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఆపరేటింగ్ సిస్టముల ఆచార్యుడును, మినిక్సు అను బోధన వ్యవస్థకు కర్తయునైన ఆండ్రూ టానెన్‌బామ్ 1992 జనవరిలో లినక్సు కట్టడము కాలము చెల్లినదని బహిరంగముగా వ్రాసెను. శిష్యప్రాయుడు వెనుదీయక ప్రత్యుత్తరమిచ్చెను. ఆ వాదమును నేను పూర్తిగా చదివితిని. మన ప్రాచీనుల పండిత వాదములవలె ఇరుపక్షముల యందును యుక్తి కలదు, కొంత అహంకారమును కలదు.

తీర్పు ఎవరిచ్చిరి? వాదము చదివినవారు ఇయ్యలేదు, వాడినవారు ఇచ్చిరి. మాక్ నందు జాబులు మోయు బంట్ల రాకపోకలకే కాలము వ్యయమగుచుండెను. 1993 ప్రాంతమున జర్మనీకి చెందిన యోఖెన్ లీట్‌కె యను మేధావి ఎల్4 అను కెర్నెలును వ్రాసి, జాబుల మోత మాక్ కన్న అనేక రెట్లు వేగముగా జరుపవచ్చునని నిరూపించెను. అనగా లోపము మార్గమునందు కాదు, ఆ కట్టడమునందు. కాని అప్పటికే జనులు లినక్సు త్రోవ పట్టిరి. శుద్ధ సిద్ధాంతముననుసరించి 1990లో ఆరంభమైన గ్నూ హర్డ్ ఎన్ని ఏండ్లు గడచినను శాస్త్రజ్ఞుల బల్లలపైకి రాలేదు. విండోస్ ఎన్.టి. 1993లో వెలువడినప్పుడు దాని శిల్పి డేవిడ్ కట్లర్. వి.ఎమ్.ఎస్. నిర్మాతలలో ముఖ్యుడును అతడే. ఆ కట్టడమున చిత్రములు గీయు శాఖ మొదట వెలుపలి కచేరిలో నుండెను. 1996 నాటి నాలుగవ కూర్పునందు వేగముకొరకు దానిని లోపలి హాలునకే చేర్చిరి. ఆపిల్ వారి మాక్ ఓ.ఎస్. టెన్ 2001లో మాక్ కెర్నెలును, బర్క్‌లీ యూనిక్సును ఒకే హాలులో కూర్చుండబెట్టినది. ఆచరణమున శుద్ధాద్వైతులును, శుద్ధద్వైతులును అరుదుగా మిగిలిరి.

ఒక వినోదము. ఆచార్యుని మినిక్సు ఓడినదనుకొందుమా? ఇంటెల్ సంస్థ తన యంత్రముల లోపల, మనకు కనబడని ఒక పర్యవేక్షక భాగమున దానినే నడుపుచున్నదని 2017లో బయటపడినది. లినక్సు నడచు మన వర్క్‌స్టేషను గర్భమున మినిక్సు నడచుచుండవచ్చును. ఆ సంగతి ఆచార్యునికి సైతము ముందు తెలియదట.

మైక్రోకెర్నెల్ పక్షము వహించిన మన యువమిత్రుడు ఒకరు నాకు చెప్పిన ముఖ్య యుక్తి, చిన్న కెర్నెలును గణితముచే నిర్దుష్టమని సాధింపవచ్చునని. అది నిజము. ఎస్.ఇ.ఎల్.4 అను కెర్నెలును, సుమారు 8,700 సి పంక్తులది, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2009లో అట్లు సాధించిరి. లినక్సు 2020 నాటికే రెండున్నర కోట్ల పంక్తులను మించినది. దానిని ఎవడు సాధింపగలడు? విమానమునకో, గుండెకు తోడ్పడు పరికరమునకో నేను చిన్నదానినే ఎన్నుకొందును. కాని ఆ రెండున్నర కోట్లలో సగమునకు మించినది డ్రైవర్లు, అనగా పరికరములతో మాటలాడు దుబాసీలు. శాస్త్రజ్ఞుని బల్లపై నేడు గణించు కొత్త పలక, రేపు కొలిచే కొత్త పరికరము వచ్చి చేరుచుండును. దుబాసీ లేని రాజు ఎంతటి నిర్దుష్టుడైనను రాయబారులు వెనుకకు మరలిపోవుదురు. మన పిల్లల పనికి మొదటి పక్షము సరిపడదు. ఇది నా నిర్ణయము.

అంతమాత్రమున లినక్సు నిష్కళంకమని నేను చెప్పను. దాని ఖాతా పుస్తకమును తెరచినప్పుడు నాకు నిజముగా గుండె ఝల్లుమన్నది.

ఒక ప్రోగ్రాము తనకు ఇంత మెమొరీ కావలెనని అడిగినప్పుడు లినక్సు సామాన్యముగా ఇచ్చితిననును, ఉన్నదో లేదో సరిగా చూడదు. ఖజానాలో వంద రూపాయలుండగా నూటయేబది రూపాయలకు చీటీలు వ్రాసి యిచ్చు పద్ధతి యిది. దీనికి ఓవర్‌కమిట్ అని పేరు. అడిగినవారు అంతయు వాడరను ధైర్యము. చాలవరకు వాడరు కూడ. యూనిక్సు సంప్రదాయమున ఒక ప్రోగ్రాము తనవంటి మరియొకదానిని కన్నప్పుడు తల్లి ఆస్తి యంతయు బిడ్డ పేర రెండవసారి వ్రాయవలసివచ్చును. బిడ్డ దానిని ముట్టకయే వేరు పనికి పోవును. అందుచే ఈ యుదారత. కాని అందరును ఒకేసారి చీటీలు పట్టుకొని వచ్చినప్పుడేమగును? కెర్నెల్ కత్తి తీసి ఒక ప్రోగ్రామును వధించును. దానికి ఓ.ఓ.ఎమ్. కిల్లర్ అని నిస్సంకోచముగా పేరుకూడ పెట్టినారు. సామాన్యముగా ఎక్కువ మెమొరీ తిన్నదానినే ఎన్నును. శాస్త్రజ్ఞుని యంత్రమున ఎక్కువ తినునది యేది? మూడు దినములనుండి నడచుచున్న ఆ లెక్కయే. దొంగ పారిపోయెను, ఇంటి యజమాని పట్టుబడెను.

సన్ వారి సోలారిస్ అట్లు చేసెడిది కాదు. విండోస్ సైతము చేయదు. లేనిచో లేదని ముందే చెప్పును. ప్రోగ్రాము లేదను మాట విని మర్యాదగా తన పని దాచుకొని విరమింపవచ్చును. ఈ ఒక్క విషయమున విండోస్ పక్షమువారి మాట లెక్కలవానికి నచ్చినది. అయితే లినక్సునందును మార్గము కలదు. ఓవర్‌కమిట్ మెమొరీ అను అంకమును 2గా దిద్దినచో ఖచ్చితమైన పద్దు ప్రకారమే చీటీలు వ్రాయును. అట్లు దిద్దినప్పుడు కొన్ని ప్రోగ్రాములు ముందుగనే మొరాయించును. మొరాయింపనిండు. లెక్క మొదటి గంటలో ఆగుట మూడవ దినమున తెగుటకన్న మేలు.

ఇట్టిదే మరియొక సంగతి. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఏ.ఎస్.సి.ఐ. క్యూ అను మహాయంత్రముండెను. వేలకొలది ప్రాసెసర్లు. దానిపై ఒక భౌతిక గణన ఎంత లెక్కించి చూచినను రావలసిన వేగమున రాకుండెను. గణించు అంగములన్నియు బాగుగనే యున్నవి. 2003లో అచటి శాస్త్రజ్ఞులు కారణము పట్టిరి. ఒక్కొక్క యంత్రమునందు ఆపరేటింగ్ సిస్టము పరివారములోని చిన్నచిన్న సేవకులు ఎప్పుడో ఒకప్పుడు క్షణములో అల్పాంశము పనిచేసి పోవుచుండిరి. ఒక్క యంత్రమున అది లెక్కకు రాదు. కాని ప్రతి అంచెయందును వేల ప్రాసెసర్లు ఒకరికొకరు కాచుకొనవలెను. ఎవడో ఒకడు ఎప్పుడును ఆలస్యమగుచుండును. కావున అందరును ఎప్పుడును ఆలస్యమే. ఆ సేవకులను సర్దినంతనే, ఒక్క పరికరమును మార్చకయే, ఆ గణన వేగము సుమారు రెండింతలైనది. మన నాలుగు యంత్రములకు ఈ బాధ లేదు. అయినను పని లేని పరివారమును తొలగించుటకు అధికారము యజమానికి ఉండవలెనను మాట నాకు ఇచటనే తట్టినది. ఆ అధికారము ఏ వ్యవస్థయందు ఎంత కలదో విచారింపవలసినదే.

ఇక లెక్క తప్పుట. 2014లో రసాయనశాస్త్రజ్ఞులు కొందరు అణువుల నిర్మాణమును నిర్ణయించుటకు కొన్ని చిన్న ప్రోగ్రాములను ప్రకటించిరి. పైథాన్ భాషలో వ్రాయబడినవి. లోకమున పలువురు వాడిరి. 2019లో హవాయి విశ్వవిద్యాలయమువారు అవే ప్రోగ్రాములను, అవే దత్తాంశములను వేర్వేరు ఆపరేటింగ్ సిస్టములపై నడుపగా వేర్వేరు సమాధానములు వచ్చినవి! కారణమేమి? ఆ ప్రోగ్రాము ఒక సంచిలోని దస్త్రములను వరుసగా ఇమ్మని వ్యవస్థను అడుగును. ఏ వరుస? ప్రోగ్రాము చెప్పలేదు. అక్షరక్రమమున వచ్చునని తలంచి, మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది జతపరచి గణించినది. ఒక వ్యవస్థ అక్షరక్రమమున ఇచ్చినది, మరియొకటి తన యిచ్చవచ్చిన వరుసలో ఇచ్చినది. రెండును నిర్దోషులే, అక్షరక్రమమున ఇత్తునని ఎవరును మాట యియ్యలేదు గదా. మా వృత్తిలో వౌచర్లను నంబరు చూచి పద్దునకు జతచేయుదుము, కట్టలోని వరుసను నమ్మము. దిద్దుబాటు ఎంతయో కాదు, వరుస పెట్టుము అను ఒక్క ఆజ్ఞ. కాని ఐదేండ్లపాటు ఎవరికిని కనబడలేదు.

ఈ కథవలన నాకు తోచినదేమనగా, శాస్త్రజ్ఞుడు తన ఫలితముతోపాటు ఏ వ్యవస్థ, దాని ఎన్నవ కూర్పు అనునది కూడ వ్రాసి పెట్టవలెను. అంతేకాదు, ఆ కూర్పు పదేండ్ల తరువాత దొరకవలెను. దొరకునా? అసలు తగవు ఇదియే యని నా నమ్మకము.

వర్క్‌స్టేషనులు చేసిన మహాసంస్థల గతి చూడుడు. అపోలోను హ్యూలెట్ పాకార్డు 1989లో కొనినది. వాక్సును చేసిన డిజిటల్ సంస్థను 1998లో కాంపాక్ కొనినది, కాంపాక్‌ను 2002లో హ్యూలెట్ పాకార్డే కొనినది. సన్‌ను 2010లో ఒరాకిల్ కొనినది. చిత్రగణనకు పేరుపొందిన సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసినది. ఒక్కొక్కరికి ఒక్కొక్క యూనిక్సు, ఒక్కొక్కదానిపై వేలాది శాస్త్రజ్ఞుల ప్రోగ్రాములు. ఆ సంస్థలతోడనే అవియు దిక్కులేనివైనవి.

ఇది దూరదేశపు కథ యని తలపవలదు. నేను లెక్కలు వ్రాయు సంఘమున తొమ్మిదేండ్ల పద్దులు ఒక కంప్యూటరు ప్రోగ్రామున వ్రాయబడినవి. అమ్మినవారి పేరు చెప్పను, చెప్పినను ఇప్పుడు లేరు. వారి దుకాణము మూతపడినది, పాత యంత్రము చెడినది, కొత్త యంత్రమున ఆ ప్రోగ్రాము ఎక్కలేదు. పద్దులు డిస్కులో నున్నవి. చదువు భాష వారికి మాత్రమే తెలియును. అదే బీరువాలో 1948 నాటి గుడ్డ అట్ట పుస్తకమున్నది. చెదలు అంచులు కొరికినవి, అయినను ప్రతి పద్దును చదువవచ్చును. ఒక సభ్యుని బాకీ తీరినదా లేదా యని నిరుడు వివాదము వచ్చినప్పుడు డిస్కు సాక్ష్యము చెప్పలేకపోయినది. ఆయన చెల్లించితిననియే అనుచున్నారు. ఆయనను నమ్మవలెనా వలదా యని తేల్చుటకు మాకు ఆధారము లేదు.

ఇందువలన మూలగ్రంథము బహిరంగముగా నుండు వ్యవస్థలవైపు నా మనస్సు మొగ్గినది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ ఉద్యమము, అందుండి పుట్టిన హక్కుపత్రము, దాని క్రింద వెలువడిన లినక్సు మన చేతిలో నుండుటచే, అమ్మినవాడు పోయినను గ్రంథము పోదు. 2017 నవంబరులో లోకమునందలి మొదటి ఐదువందల మహాయంత్రముల పట్టికలో ఐదువందలును లినక్సువే. మన దేశమున సీ-డాక్ సంస్థవారు బాస్ అను పేర, మన తెలుగువారిలో స్వేచ్ఛ అను సంఘమువారు తెలుగు మాటలతో, దానినుండియే ప్రతులు సిద్ధము చేసిరి.

ప్రతులు అంటిని. ఇచటనే మరియొక చిక్కు. తాళపత్ర గ్రంథములవలె లినక్సునకును నానా ప్రతులు, నానా పాఠభేదములు. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి ప్రతులను పోల్చి శుద్ధపాఠములు వ్రాయించెను. అట్టి పని ఎవరో చేయుచుండవలెను. శాస్త్రజ్ఞులు ఎవరిని నమ్మిరో వినుడు.

జెనీవా చెంత సెర్న్ అను పరమాణు పరిశోధనాలయము కలదు. అమెరికాలో ఫెర్మీలాబ్ కలదు. ఈ రెండును 2004లో చేతులు కలిపి, రెడ్‌హ్యాట్ అను వాణిజ్యసంస్థ ప్రకటించు మూలగ్రంథమునుండి సైంటిఫిక్ లినక్సు అను ప్రతిని వ్రాసికొనిరి. 2012 జూలై 4వ తేదీన ప్రకటింపబడిన హిగ్స్ కణపు అన్వేషణలో గణనలు అధికభాగము ఇట్టి యంత్రములపైననే జరిగినవి. పిమ్మట సెంటాస్ అను మరియొక ప్రతి, అదియు అదే మూలమునుండి పుట్టినదే, బలపడుటచే సెర్న్ దానివైపు మరలినది. 2019లో ఫెర్మీలాబ్ వారు ఇక ఎనిమిదవ సైంటిఫిక్ లినక్సు వ్రాయము, మేమును సెంటాస్ చేరుదుమనిరి. ఒకే పని ఇద్దరేల చేయవలెనను సద్బుద్ధి అది.

2020 డిసెంబరు 8వ తేదీన పిడుగు పడినది. అప్పటికి సెంటాసును తన యధీనమున నుంచుకొన్న రెడ్‌హ్యాట్, 2029 వరకు పోషింపబడునని అందరును నమ్మియున్న ఎనిమిదవ సెంటాసును 2021 తుదితోనే ఆపెదమని ప్రకటించినది. తొమ్మిదేండ్ల కౌలు ఒక్క యేటికి కుదించినట్లు. ధనము పుచ్చుకొని ఇచ్చిన మాట కాదుగదా యని వారు అనవచ్చును. న్యాయస్థానమున అది నిలుచునేమో. వేలకొలది యంత్రములను దాని నమ్మి నిలిపిన ప్రయోగశాలలకు మాత్రము ఇల్లు వెదకుకొనవలసి వచ్చినది. 2021లోనే ఆల్మాలినక్సు, రాకీలినక్సు అను రెండు కొత్త ప్రతులు పుట్టినవి. 2022 డిసెంబరులో సెర్న్, ఫెర్మీలాబ్ కలిసి ఆల్మాను ప్రమాణముగా గైకొనిరి. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ తన మూలగ్రంథమును ఖాతాదారులకు మాత్రమే చూపుదునని మరియొక తలుపు మూసినది. ఆల్మావారు వెనుకటివలె అక్షరమక్షరము పోల్చు పని మాని, ప్రోగ్రాములకు భేదము తెలియకుండ నడచినచో చాలునని నిర్ణయించుకొనిరి. 2024 జూన్ 30వ తేదీతో ఏడవ సెంటాసునకును, ఏడవ సైంటిఫిక్ లినక్సునకును ఆయువు తీరినది.

ఈ కథను రెండు పక్షములవారును తమకే సాక్ష్యముగా చెప్పుకొనుచున్నారు. చూచితిరా, ఉచితమైనదానికి పూచీ లేదని ఒకరు. నేనందును: పూచీ కుప్పకూలిన తరువాత ఎవరును తమ దత్తాంశములను కోల్పోలేదు. గ్రంథము బహిరంగముగా నుండుటచే మూడు నాలుగు నెలలలో మరియొక లేఖకుడు గంటము పట్టినాడు. నన్నయ నిలిపినచోట అరణ్యపర్వము ఆగిపోలేదు. తిక్కన పదునైదు పర్వములు వ్రాసెను, ఎఱ్ఱన నడుమ మిగిలినది పూరించెను. మూలము సంస్కృతమున అందరి యెదుట నుండబట్టియే అది సాధ్యమైనది. సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఐరిక్సునకు ఎఱ్ఱన దొరకలేదు.

ఆపిల్ యంత్రములను గూర్చి ఇద్దరు విద్యార్థులు అడిగినారు. మంచి యంత్రములే. సెర్న్‌లో టిమ్ బర్నర్స్-లీ ప్రపంచవ్యాప్త జాలమును 1990లో వ్రాసినది నెక్స్ట్ అను యంత్రముపై. నేటి ఆపిల్ వ్యవస్థకు అదియే పూర్వీకుడు. కాని ఆ సంస్థ 2006లో ఒక జాతి ప్రాసెసరు విడిచి మరియొకటి, 2020లో ఇంకొకటి పట్టినది. 2019లో 32 బిట్ల ప్రోగ్రాములన్నిటిని ఒక్క కూర్పుతో వెలివేసినది. వేగముగా నడచువారికి వెనుకకు చూచు అలవాటుండదు. లినక్సునందు టోర్వాల్డ్స్ విధించిన ఒక కట్టడి కలదు: కెర్నెలులో ఎన్ని మార్పులు చేసినను దానిని పిలుచు ప్రోగ్రామునకు భంగము రారాదు. పాత ప్రోగ్రామును దాని పరివారముతోసహ ఒక పెట్టెలో పెట్టి కొత్త కెర్నెలుపై నడుపుట దీనిచే సాధ్యమైనది. ఆ పెట్టెలకు కంటెయినర్లని పేరు. శాస్త్రజ్ఞులు విశేషముగా వాడునది సింగ్యులారిటీ, ఇప్పటి పేరు ఆప్టెయినర్. హవాయి కథవంటిది మరల తటస్థపడినచో, ఆ పెట్టెను తెరచి ఏ యేటి లెక్క ఎట్లు నడచినదో చూపవచ్చును.

కావున కార్యవర్గమునకు నా నివేదిక ఇది. నాలుగు యంత్రములకును 64 బిట్ల లినక్సు, ఆల్మా తొమ్మిదవ కూర్పు. దానికి 2032 మే 31 వరకు పోషణ చెప్పబడినది. ఆ మాటయు తప్పవచ్చును, కావున ప్రతి దత్తాంశమును సాదా అక్షరములలోనో, బహిరంగ రూపములలోనో దాచవలెను. 32 బిట్ల పాత యంత్రమొకటి ఉచితముగా ఇత్తుమని ఒకరు ముందుకు వచ్చినారు, కృతజ్ఞతతో వలదనవలెను. అది 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 బైట్లను మించి ఒక్కసారి చూడలేదు. నేటి శాస్త్రమునకు అది చాలదు. మెమొరీ తనలో తప్పు తానే దిద్దుకొను ఇ.సి.సి. జాతిదై యుండవలెను, వెల కొంత హెచ్చైనను. ఓవర్‌కమిట్ అంకము 2గా దిద్దవలెను. విండోస్ వలసిన విద్యార్థులకు, కొన్ని ప్రయోగశాల పరికరముల ప్రోగ్రాములు దానిపైననే నడచును గనుక, ఒక్క యంత్రమున అదియు వేరు డిస్కులో నుంచవచ్చునని అధ్యక్షులవారు సూచించినారు. నాకు అభ్యంతరము లేదు.

యంత్రముల గది తలుపు ప్రక్కన ఒక గుడ్డ అట్ట పుస్తకము వ్రేలాడదీయబడును. ఎవరు ఏ లెక్క ఏ తేదీన ఏ కూర్పుపై నడిపినారో ఇంటికి పోవుటకు ముందు స్వహస్తమున వ్రాయవలెను. పుటలకు అంకెలు నేనే వేసియున్నాను, మొత్తము రెండువందల నలుబది. మొదటి పద్దు వ్రాయవలసినది మన గ్రంథాలయముననే చదివి నేడు భౌతికశాస్త్రమున పరిశోధన చేయుచున్న చిరంజీవి. ఆమె సంక్రాంతి సెలవులకు వచ్చుచున్నది. అప్పటికి గదికి విద్యుత్తు లైను వేరుగా లాగించుట కార్యదర్శిగారి పని.